వనజాక్షమ్మ అడిగిన తెల్ల పువ్వు

మా బావమరిది గోపాలన్ ఏర్కాడు కొండ నుంచి ఒక మట్టి కుండీ ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. డెబ్బై తొమ్మిదో సంవత్సరం, మార్గళి నెల మొదటి వారం. నేను స్నానం చేసి, తిరుత్తణి కొండ వైపు తిరిగి స్వామికి దండం పెట్టుకుంటున్నాను. కళ్లు తెరిచేసరికి వాకిట్లో వాడు. కుండీలో నాలుగైదు పచ్చని ఆకులు, వాటి మధ్య జానెడు కాడ, కాడ చివర మూసుకుని ఉన్న మొగ్గ ఒకటి. మొక్కను కాసేపే చూశాను. వాడి ముఖాన్ని ఎక్కువసేపు చూశాను.

"బావా, దీన్ని పూసేదాకా నీ ఇంట్లో పెట్టుకోవల్ల," అన్నాడు.

"ఏం పువ్వు?"

"ఆర్కిడ్. పువ్వు చెప్పు మాదిరి ఉంటాది. మామూలుగా గోదుమ రంగు, ఊదా చుక్కలు. ఇది మాత్రం మచ్చ లేని తెలుపు. వెయ్యింట్లో ఒకటి కూడా పుట్టదు."

నా భార్య రాజామణి లోపలి నుంచి వచ్చి తమ్ముడి చేతిలోని కుండీని చూసింది. "చెప్పు పువ్వా! దేవుడింటి పక్కన పెట్టబాకు. ఆ రంగుల కొట్టంలో పెట్టుకో పో."

అలా ఆ మొక్క ఇంటి వెనక మేం నూలు అద్దే కొట్టంలోకి చేరింది.

మా ఇల్లే ఎందుకు అంటే దానికి కారణం వనజాక్షమ్మ. తిరువళ్లూరులో ఆడపిల్లల బడికి పెద్ద పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. పెరట్లో పందిరి కింద ఇలాంటి మొక్కలే యాభై అరవై పెంచుతోంది. వాటిని చూసుకోవడానికి తెలిసిన మనిషి కావాలి. గోపాలన్ ఏర్కాడులో ఒక దొరగారి తోటలో ఆరేళ్లు ఇదే పని చేశాడు. తోట చేతులు మారేటప్పుడు ఆ దొరగారే ఈ మొక్కను వాడికి ఇచ్చారట. వాడు వెళ్లి పని అడిగితే ఆమె అన్నదట: "నీ దగ్గర తెల్లది ఉందంటున్నావు. అది నిజమైతే నువ్వు నిజం. మొక్కతో పాటు నువ్వూ రా." అయితే తెల్లదని చెప్పి ఆమెకు ఇంతకుముందే ఇద్దరు గోధుమ రంగువి అంటగట్టారు. అందుకని మొగ్గ అమ్మేవాడి దగ్గర విచ్చుకోకూడదు, తను నమ్మిన ఇంట్లో విచ్చుకోవాలి అంది. నా మగ్గం చీరలు ఆమె పదేళ్లుగా కడుతోంది. ఒకసారి ఇచ్చి వచ్చిన చీరలో రెండు పోగులు తప్పాయని ఇంటికొచ్చి మగ్గం చూసుకున్నాక గుర్తించి, మర్నాడే రైలెక్కి వెళ్లి వెనక్కి తెచ్చుకున్నాను. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. "తణికాచలం తెల్లగా పూసింది అంటే నాకు చాలు," అని నా పేరెత్తి అందట.

వాడి బతుకు, నా మాట, రెండూ ఆ మొగ్గలో ఇరుక్కున్నాయి.

గోపాలన్ మీద నాకెందుకు నమ్మకం లేదో చెప్పాలి. ఏర్కాడు పోకముందు వాడు నా దగ్గరే అద్దకం నేర్చుకున్నాడు. ఒకసారి పండగ సరుకుకు ఎర్ర నూలు వాడి చేతికి అప్పగించాను. రంగు పట్టడానికి ఎంతసేపు ఉంచాలో అంతసేపు ఉంచకుండా తీసేశాడు. ఆ లుంగీలు మొదటి ఉతుకులోనే వెలిశాయి. పక్కనున్న బట్టలన్నిటికీ ఎరుపు అంటించాయి. అంగడివాళ్లు మూటలకు మూటలు తిప్పి పంపారు. అడిగితే "నీళ్లలో ఉంది దోసం" అన్నాడు. ఆ వారమే ఊరు వదిలిపోయాడు.

వచ్చిన మూడో రోజు రాజామణి ఉతకడానికి వాడి సంచీలోంచి బట్టలు తీస్తుంటే ఒక కాగితం పొట్లం కింద పడింది. విప్పి చూశాను. పసుపు పచ్చని పొడి. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే తెలిసింది, గంధకం.

నా వయసులో ఉన్న అద్దకం పనివాడికి గంధకం అంటే ఒక్కటే పని. చిన్నప్పుడు కంచిలో పని నేర్చుకునేటప్పుడు చూశాను. పట్టు నూలును తలుపులు మూసిన గదిలో వేలాడదీసి కింద గంధకం కాలిస్తే ఆ పొగకు నూలు తెల్లబడుతుంది. మా గురువు ఒకసారి ఎర్ర గులాబీని ఆ పొగ మీద పట్టి మా కళ్ల ముందే తెల్లగా చేశాడు. ఆ తెలుపు నిలిచేది కాదు. సబ్బునీళ్లలో ముంచితే పాత రంగు మెల్లగా బయటపడుతుంది.

పొట్లం ఎప్పటిలాగే మడిచి సంచీలో పెట్టేశాను. వాణ్ని అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు, అబద్ధం చెప్పించడం కూడా పాపమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది భక్తి అవునో కాదో నాకు తెలియడం లేదు.

అప్పటి నుంచి వాడు ఏం చేసినా నా కన్ను అటే. మధ్యాహ్నం కాగానే కొట్టం తలుపు వేసుకుని అరగంట లోపలే ఉండేవాడు. తలుపు సందులోంచి చూస్తే వీపు తప్ప ఏమీ కనపడేది కాదు. పొగ వాసన కోసం గాలి ఎగపీల్చి చూసేవాణ్ని. రంగుల తొట్ల వాసనలో ఏది ఏమిటో తెలిసేది కాదు.

పక్కింటి మునెయ్య మగ్గం ఆపి మరీ వచ్చి చూసిపోయాడు. "రంగు లేని పువ్వుకా ఇంత రాజబోగం? మా ఇంట్లో అద్దని నూలు అటకనిండా ఉంది, ఆ టీచరమ్మను వచ్చి ఎత్తుకోమను!" అన్నాడు. పోతూ పోతూ నా చెవిలో, "నీ బావమరిది చెయ్యి తగిలితే ఎర్ర లుంగీనే తెల్లగా పాయ. పువ్వు ఎంతలే అన్నా!" అన్నాడు. నేను నవ్వలేదు.

ఆ మధ్యలోనే ఒక చీర ఇవ్వడానికి తిరువళ్లూరు వెళ్లాను. వనజాక్షమ్మ నన్ను పందిరి కిందికి తీసుకుపోయింది. అక్కడ మామూలు రంగువి నాలుగు పూసి ఉన్నాయి. పైన గొడుగులా ఒక రేకు, పక్కకు రెండు, కింద నిజంగానే చెప్పు ముందుభాగం లాంటి తిత్తి. గోధుమ రంగు, ఊదా చుక్కలు, మైనం పూసినట్టు మెరుపు. నాకు బాగానే అనిపించాయి.

"ఇంత రంగున్నవి పెట్టుకుని, రంగు లేనిదానికోసం ఎందుకమ్మా ఈ ఆరాటం?" అని అడిగాను.

"దీంట్లో నీకు మొదట ఏం కనిపించింది?"

"చుక్కలు."

"అదే. చుక్కలు చూసి కన్ను అక్కడే నిలిచిపోతుంది. తెల్లదాంట్లో ఎరుపు పుట్టనే పుట్టదు. చుక్క ఉండదు, మరక ఉండదు. అప్పుడు రేకు వంపు, పచ్చని ఈనెలు, తిత్తి అంచు, అన్నీ కనిపిస్తాయి. నేను ఒక్కసారే చూసినాను, బెంగళూరు ప్రదర్శనలో. ఇరవై ఏళ్లయింది. ఇంకా కండ్లలోనే ఉంది." నా వైపు చూసింది. "గోపాలన్ మంచివాడేనా?"

బడిపిల్లలను అడిగినట్టే అడిగింది. నేను "మా ఆవిడ తమ్ముడమ్మా" అన్నాను. ఆమె ఆ జవాబును విప్పి చూసినట్టు చూసింది.

తిరుగు రైలులో ఆమె మాటే ఆలోచిస్తూ కూర్చున్నాను. రంగు చీరలో నేత తప్పు దాగుతుంది. తెల్ల చీరలో దాగదు. అందుకే మాలో చెయ్యి తిరిగినవాడికే తెల్ల చీర ఇస్తారు. దేవుడు కూడా తెల్లదాన్ని అంత జాగ్రత్తగానే నేస్తాడేమో. లేక రంగు అయిపోయి వదిలేసినదాన్ని మనుషులు నెత్తిన పెట్టుకుంటున్నారో. నాకు తేలలేదు.

మొగ్గ పన్నెండో రోజు కొంచెం విడింది. మర్నాడు నేను మగ్గం గుంటలో ఉండగా గోపాలన్ కేక వేశాడు. "బావా! రా బావా! అక్కా, నువ్వూ రా!"

వెళ్లి చూశాను. పై రేకు అంచు పాలమీగడ తెలుపు, లోపల లేత పచ్చ. తిత్తి నిమ్మపండు రంగులో సగం నీళ్లు కలిపినట్టు. ఒక్క చుక్క లేదు. రాజామణి ముక్కున వేలేసుకుంది. నేనూ వంగి తిత్తి లోపలికి చూశాను. ఆ వెంటనే, పొద్దున్నించీ తలుపు మూసే ఉంది కదా అనిపించింది.

"చూస్తివి కదా బావా. నీ కండ్లతో చూస్తివి. నేను ఇప్పుడే తిరువళ్లూరు పోయి, రేపు ఆయమ్మను పిలుచుకొని వస్తా," అని వాడు అప్పటికప్పుడే బయలుదేరాడు.

వాడు పోయాక కొట్టంలో నేనొక్కణ్నే కూర్చున్నాను. రేపు ఆమె అడుగుతుంది. నేను అవునంటాను. ఆమె ఇంటికి పోయాక వారానికి ఎరుపు బయటపడితే? ఆ పందిరి కింద నా మాట కూడా మూడో గోధుమ పువ్వు అవుతుంది.

పక్క రేకు చివర గోరంత కత్తిరించి సబ్బునీళ్లలో వేశాను. రంగు మారలేదు. అంతటితో ఆగి ఉండాల్సింది. కానీ నూలు చిలపను, అంటే పోగుల కట్టను, పరీక్షించేటప్పుడు మేం ఒక పోగు చూసి వదలం, చిలపంతా ముంచుతాం. చెయ్యికి ఆ అలవాటు. గోరువెచ్చని సబ్బునీళ్లు గిన్నెలో పోసి, కాడ వంచి పువ్వు మొత్తాన్ని ముంచాను. స్కంద షష్ఠి కవచం ఒకసారి చదివేంతసేపు, పావుగంట పైనే, ఉంచాను. తీశాను. తెల్లగానే ఉంది. ఎరుపు లేదు, ఊదా లేదు. నా మనసు తేలికైంది. మంచినీళ్లతో కడిగి, బట్టతో అద్ది, వాడు పెట్టినట్టే పెట్టాను.

తెల్లారి చూసేసరికి పువ్వు తల వేలాడేసింది. రేకులు మెత్తబడి, అంచుల నుంచి మధ్యదాకా గోధుమ రంగు పాకింది. ముట్టుకుంటే వేలికి జిగురు. రాజామణికి చెప్పాను. ఆమె పోయి పొయ్యి ముందు కూర్చుంది.

పదిగంటల రైలుకు వాళ్లు వచ్చారు. గోపాలన్ ముందు నడుస్తున్నాడు, వెనక గొడుగుతో వనజాక్షమ్మ. కొట్టంలో అడుగుపెట్టగానే వాడు నిలబడిపోయాడు. ఆమె వాణ్ని తప్పించుకుని ముందుకొచ్చి, కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది.

"గోదుమ రంగు," అంది.

"లేదమ్మా. నిన్న తెల్లగానే ఉండె. నేను చూసినాను," అన్నాను.

"మరి ఎవరు చేసినారు ఇట్ల?"

"నేనే."

ఎందుకని అడిగింది. అన్నీ చెప్పాను. గంధకం, మూసిన తలుపు, సబ్బునీళ్లు. చెబుతున్నంతసేపూ గోపాలన్ నా వైపు చూడలేదు.

"గంధకమా?" అన్నాడు చివరికి. "అది కుళ్లుకు మందు బావా. ఆకు కోసినచోట పూస్తాం. కొండ చలికి అలవాటైన మొక్క, ఈడి మధ్యాహ్నం ఎండకు మొగ్గ రాలిపోతాదని దినమూ తడి గోనెపట్టా కప్పి విసురుకుంటా కూర్చుంటి. తలుపు తీస్తే వేడిగాలి కొడతాది."

"నా దగ్గర కూడా ఉంది గంధకం డబ్బా," అంది వనజాక్షమ్మ. కానీ ఆమె కళ్లు నా మీదనే ఉన్నాయి. "తణికాచలం, ఇంకో మాట అడుగుతా. పువ్వు గోదుమ రంగులోనే పూసి, బావమరిదిని కాపాడేదానికి నువ్వే దీన్ని పాడు చేసి ఉంటే?"

నా జన్మలో ఎవరూ నన్ను అలా అడగలేదు. "కర్పూరం వెలిగించి ఆర్పి ప్రమాణం చేస్తానమ్మా. కొండెక్కి స్వామి ముందరే చెబుతా," అన్నాను.

"వద్దు," అన్నాడు గోపాలన్. "ఒక పువ్వుకోసరం మా బావ కర్పూరం ఆర్పే పనిలేదు. అమ్మా, మీరు నమ్మకపోతే పోనీండి. వచ్చే మార్గళికి మళ్లా పూస్తాది. అప్పుడు చూడండి."

ఆమె ఆకులను ఒక్కొక్కటే విడదీసి మొదలు చూసింది. "రంగుదానికి ఈడ ఊదా మచ్చలుంటాయి. దీనికి లేవు. కానీ ఈ గుర్తును నమ్మి ఇంతకుముందు ఒకసారి మోసపోయినాను," అంది. కుండీని కాస్త జరిపి గోపాలన్ వైపు తిరిగింది. "తిరుత్తణి వేడిలో మొగ్గను నిలబెట్టినావు. అది చిన్న పని కాదు. నువ్వు రా. మొక్కను కూడా తీసుకురా. పేరు చీటీ మాత్రం పూసినాకనే రాస్తాం." గుమ్మం దగ్గర నా వైపు తిరిగింది. "నీ మాట కూడా అంతవరకు అట్లే ఉండనీ తణికాచలం."

వనజాక్షమ్మ అంతకుముందు రైలుకే వెళ్లిపోయింది. మధ్యాహ్నం రైలుకు గోపాలన్‌ను సాగనంపడానికి స్టేషన్‌కు వెళ్లాను. కుండీ నేను మోస్తానంటే ఇవ్వలేదు. ప్లాట్‌ఫారం మీద రాతి బెంచీ మీద కూర్చున్నాం. తప్పయిందిరా అనాలని ఉంది. వయసులో చిన్నవాళ్లతో ఆ మాట అనే అలవాటు మాకు లేదు.

"బావా," అన్నాడు వాడే. "సబ్బునీళ్లలో ఎరుపు వచ్చి ఉంటే ఏం చేసుందువు?"

"ఆయమ్మకు చెప్పుందును."

"నాకు?"

నేను రైలు వచ్చే వైపు చూశాను.

"పొట్లం చూసిన దినమే 'ఇది ఏమిటికిరా' అని ఒక్క మాట అడిగుంటే చాలు కదా బావా. ఆ లుంగీల దినం నేను అబద్ధం చెప్పినాను. నిజమే. దానికోసరం ఇంక ఎప్పటికీ అడగనే అడగవా?"

తిరువళ్లూరు వైపు పోయే రైలు అప్పటికే సిగ్నల్ దాటింది. వాడు లేచి కుండీని చంకకు ఆనించుకున్నాడు.

"ఆ మొక్కకు నీళ్లు పొద్దున పోస్తావా, సాయంత్రమా?" అని అడిగాను. నాకు అంతకంటే ఏం అడగాలో తోచలేదు.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "పొద్దున్నే బావా," అన్నాడు. "ఆకు మొదట్లో నిలవకుండా పోయల్ల." రైలు ఆగేదాకా ఎలా పోయాలో చెబుతూనే ఉన్నాడు. నేను వింటూ నిలబడ్డాను.