మెట్ల మీద రాలిన మాటలు

దళారి తాతకు గొంతు పోయింది. మామూలు గొంతా అది? పిల్లికీ ఎలుకకీ రాజీ కుదిర్చి, సాయంత్రానికల్లా రెంటినీ ఒకే గోనెసంచిలో నిద్రపుచ్చానని ఆయనే చెప్పుకునేవాడు.

"నిన్న ఆ బట్టలు కుట్టే కొట్టు తమ్ముడు 'దళారివి, నీకేం తెలుసు' అన్నాడని మూతి ముడుచుకున్నారా?" వేడినీళ్లు అందిస్తూ భార్య అడిగింది. పంతులమ్మగా చేసి మానేసిన మనిషి. నిఘంటువు చంకలోనే ఉంది. "ఈ మాట అరబ్బు దేశాల నుంచి నడుచుకుంటూ వచ్చిందట. మొదట్లో దానర్థం దారి చూపేవాడని. ఇందులో తిట్టెక్కడుంది?"

ఆయన పెదవి విరిచాడు. ఇన్నేళ్లూ మోసింది మాటలే గాని, దారి చూపిందెక్కడ?

ఆ కొట్టు అన్నదమ్ములది. మేడ మీద అన్న గుడ్డ కత్తిరిస్తాడు, కింద తమ్ముడు కుడతాడు. బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న తగువుతో ఏడేళ్లుగా మాటల్లేవు. మధ్యలో పద్నాలుగు మెట్లు, ఆ మెట్ల మీద తాత. ఆయన పద్ధతి ఒకటే: కరుకు మాటను మెట్టుకింత చొప్పున రాల్చేయడం. పైన "వాడి మొహం చూడను" అన్నది కిందికి దిగేసరికి "నీ మొహం చూసి చాలా రోజులైందట" అయ్యేది.

ఇవాళ సాయంత్రంలోగా ఇద్దరూ ఒకే అద్దె కాగితం మీద సంతకం పెట్టకపోతే ఇంటివాడు కొట్టుకు తాళం వేస్తాడు. "వాడొచ్చి కాళ్లు పట్టుకుంటేనే పెడతా" అన్నాడు అన్న. తాత కిందికి దిగాడు.

"ఏమన్నాడో రాసివ్వు," అని తమ్ముడు సుద్దముక్క ఇచ్చాడు.

రాస్తే మాట రాలదు, ఉన్నదున్నట్టు దిగుతుంది. తాత సుద్దముక్కను జేబులో వేసుకుని, తమ్ముడి మెడలోని టేపు పట్టుకుని మెట్లెక్కించాడు.

పైన కత్తెర ఆగింది. "తాతా, వీడితో చెప్పు..."

తాత గొంతు పోయిందన్నట్టు మెడ చూపించాడు. తమ్ముడు అన్న తల వైపు తేరిపార చూశాడు.

"బాగా నెరిసిపోయావన్నా," అన్నాడు.

"చూడాలని ఏడేళ్లుగా కబుర్లంపుతున్నావుగా. పద్నాలుగు మెట్లకి ఇంతసేపా?"

"నేనెక్కడ పంపాను? నువ్వే కదా..."

ఇద్దరూ తాత వైపు తిరిగారు. తాతకు ఒక్కసారిగా దగ్గొచ్చింది. ఒకడు మంచినీళ్లు తెచ్చాడు, ఇంకొకడు వీపు నిమిరాడు. రెండు సంతకాలూ పడేదాకా ఆయన దగ్గుతూనే ఉన్నాడు.

మర్నాడు గొంతు వచ్చింది. వెళ్లి చూస్తే అన్నదమ్ములు పైనుంచి ఒకడు, కింద నుంచి ఒకడు నేరుగా తిట్టుకుంటున్నారు. ఒక్క మాటా రాలడం లేదు.

"నీతో ఇక పనేముంది తాతా!" నవ్వాడు తమ్ముడు.

"నాకే నీతో పనుందిరా. బొత్తాం ఊడింది, కుట్టు," అంటూ తాత చొక్కా విప్పి, కింది మెట్టు మీద తీరిగ్గా కూర్చున్నాడు.