తడి పత్తి

హుసేన్ పీరా రబ్బరు బూట్లు తొడుక్కుని, పైపు నోటిని బొటనవేలితో సగం మూసి, పత్తి కుప్ప మీద నీళ్లు తుంపర్లుగా చిమ్ముతున్నాడు. ఎక్కువ తడిస్తే కొనేవాడి చేతికి తెలిసిపోతుంది. తక్కువైతే తూకం పెరగదు. ఆ కొలత అతనికి తెలిసినంతగా ఆదోనిలో ఎవరికీ తెలియదని పత్తి వ్యాపారి సుబ్బరామయ్య నమ్మకం. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. వేళ్ల సందులు నాని నాని తెల్లగా పాలిపోయాయి.

ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం మసీదులో ఆఖరి వరుసలో కూర్చున్నాడు. ప్రవక్త అంగట్లో ధాన్యపు రాశిలో చేయి పెడితే లోపల తడి తగిలిందనీ, మోసం చేసేవాడు మనవాడు కాడన్నారనీ ఇమాం చెబుతున్నాడు. హుసేన్ పీరాకు అది కొత్త మాట కాదు. ఎప్పుడూ తల వంచుకుని వినేవాడు. ఈసారి చేతులు రెండూ తొడల కింద దాచుకున్నాడు.

తిరిగొచ్చి సుబ్బరామయ్య ముందు నిలబడ్డాడు.

"ఈ నీళ్ల పని నాతో కాదు సావుకారీ. మూటలు మోస్తా."

సుబ్బరామయ్య కోప్పడలేదు. "ఆ నడుముతో ఏం మోస్తావప్పా? ఆ ఎనక గది నీళ్లు పట్టేవానికే కదా. ఇంకొకన్ని పెట్టుకుంటే వాడు యాడుండాల? కండ్లు కనపడని ఆయమ్మను తీస్కొని నువ్వు యాడికి పోతావు? సాయంత్రం లారీ వస్తాది. పోయి తడుపు."

భార్య మాబున్నీ ఆ గదిలో అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంది. పొయ్యికి నాలుగు, గుమ్మానికి ఏడు. ఇంకో ఇల్లు ఆమెకు మళ్లీ ఎవరు నేర్పాలి?

సాయంత్రం పోవలసిన కుప్ప ముందు పైపు పట్టుకుని నిలబడ్డాడు. కొళాయి తిప్పలేదు.

"తడిపినావా?" లోపలినుంచి అడిగాడు సుబ్బరామయ్య.

"తడిపినా."

ఒక మోసం ఆపడానికి ఒక అబద్ధం. లారీ కాటా ఎక్కగానే అదీ బయటపడుతుంది. గది అప్పుడూ పోతుంది.

"రొమ్ము బరువుగా ఉంది. అసర్ నమాజుకు లేపు," అని మాబున్నీతో చెప్పి చాప మీద వాలాడు.

పొద్దు వాలే వేళ అజాన్ వినబడగానే ఆమె అతని చేయి పట్టుకుని కదిలించింది. రెండుసార్లు పిలిచింది. తర్వాత ముఖం తడిమి, అక్కడే కూర్చుండిపోయింది.

లారీ వెళ్లాక సుబ్బరామయ్య తూకం చీటీ చూసుకున్నాడు. తూకం తగ్గింది. చీటీ మడిచి జేబులో పెట్టుకుని గది దగ్గరికి వచ్చాడు. చాప మీద కదలని హుసేన్ పీరాను చూసి, తల వంచుకుని, "నెలాఖరు దాంకా ఈడే ఉండమ్మా," అన్నాడు.

మాబున్నీ తలూపింది. నీళ్లు తేవడానికి లేచి ఏడడుగులు వేసింది. అతను రోజూ మూలన పెట్టే రబ్బరు బూట్లు ఆ రోజు గుమ్మంలోనే ఉన్నాయి. ఆమె కాలు తగిలి ఒకటి పక్కకు ఒరిగింది.