కనకవ్వ దుబాయికి చెప్పిన మాట

తుకారాం ట్రైపాడ్ కాళ్లు మూడోసారి సర్దాడు. చిన్నమ్మ కనకవ్వ ఇంటి వాకిలి ఎగుడుదిగుడుగా ఉంది. ఒక కాలి కింద పెంకు ముక్క పెట్టి, కెమెరా ఎక్కించి, తన తెల్ల దస్తీని మొహం ముందు పట్టుకొమ్మని చిన్నమ్మకు ఇచ్చాడు. కెమెరాకు తెలుపు సరిగ్గా కుదిరితేనే మిగతా రంగులు కుదురుతాయి. హైదరాబాద్‌లో రెండేళ్లుగా ఈ పనంతా వేరేవాళ్ల కోసం చేశాడు. ఇవాళ కెమెరా వెనక నిలబడేది తనే.

ఆర్మూర్‌లో పెండ్లి వీడియోలు తీసే పిల్లగాడు డాక్యుమెంటరీలు తీస్తానని తొంభైలో బస్సెక్కితే ఊరంతా నవ్వింది. సినిమాకు ముందు హాల్లో వేసే ఆ న్యూస్‌రీళ్లు చూసేదెవడని అడిగారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. హిమాయత్‌నగర్‌లో డాక్యుమెంటరీలు తీసే ఒక సార్ చిన్న ఆఫీసులో చేరి బ్యాటరీలు మోశాడు, వైర్లు చుట్టాడు, సార్‌కు సిగరెట్లు తెచ్చాడు, ఎడిటింగ్ బల్ల కింద పడుకున్నాడు. బరువులు మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి దిగింది. బీడీలు చుట్టేవాళ్ల మీద సినిమా అనగానే "మా ఊరికి పోదాం సార్" అన్నది అతనే. "అయితే కెమెరా నువ్వే పట్టుకో. టైటిల్స్‌లో నీ పేరు వేస్తాను" అన్నాడు సార్. ఆ మాటకు వారం రోజులు తుకారాం కాలు నేల మీద నిలవలేదు.

తీరా వచ్చాక కనకవ్వ నోరు విప్పితేనా! తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టే చేతులు కెమెరా ఎర్రదీపం వెలగగానే ఆగిపోయాయి. ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయింది. సార్ ఏమడిగినా ఒకటే జవాబు.

"మంచిగనే ఉన్నం సారూ."

సార్ చేతిగడియారం చూసుకున్నాడు. తుకారాంకు చెమటలు పట్టాయి. అప్పుడు తట్టింది అతనికి. మోర్తాడ్ నుంచి భీమ్‌గల్ దాకా, మగవాళ్లు దుబాయిలో ఉన్న ఇండ్లలో కెమెరా అంటే ఉత్తరమే. పెండ్లి టేపు చివర అవ్వలు, అక్కలు ఒక్కొక్కరే వచ్చి కెమెరాలోకి చూసి అక్కడున్నవాడితో మాట్లాడతారు. అలాంటివి అతను వందల్లో తీశాడు. చిన్నమ్మ భర్త కూడా దుబాయిలోనే ఉన్నాడు. అడిగేవాడు ఎదురుగా ఉంటే వీళ్లు మాట్లాడరు, వినేవాడు దూరంగా ఉంటేనే మాట్లాడతారు.

"చిన్నమ్మా, సార్‌ను ఇడిసిపెట్టు. చిన్నబాపుతోని మాట్లాడు. హన్మండ్లు మామ ఇయ్యాల మూడు గంటల బస్సుకు పోతుండు గద, దుబాయికి. టేపు ఆయన చేతికిద్దాం."

"నిజంగనా?"

"నా మీద ఒట్టు."

సార్ కూడా నవ్వుతూ తలూపాడు. "తప్పకుండా అమ్మా. తుకారాం పాత షాపు ఇక్కడే కదా, గంటలో కాపీ తీసి ఇచ్చేస్తాం."

కనకవ్వ లేచి మొహం కడుక్కుంది. పెట్టెలోంచి పచ్చంచు చీర తీసి కట్టుకుంది. కూతురు భాగ్యను నీళ్లకని బోరింగు దగ్గరికి పంపేసి, వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది. కెమెరాలోకి సూటిగా చూసింది.

"ఏమయ్యా, మంచిగున్నవా? నీకు ఒక అబద్ధం చెప్పిన. భాగ్య తొమ్మిది సదువుతుందని రాపిచ్చిన గద, సదువుతలేదు. రెండేండ్ల కిందనే మాన్పిచ్చిన. నా కండ్లు మసక పట్టినయి. వెయ్యి బీడీలు నాతోని అయితలేవు, సగం పిల్లనే చుడుతుంది. ఉత్తరం రాసెటోడు పరాయోడాయె, ఆయన ముంగట గీ మాట ఎట్ల చెప్పాలె? తిడితే తిట్టు. కని ఒక్కపారి రా. నువ్వు చెప్తే పిల్ల మల్ల బడికి పోతది. నేను చెప్పే మొఖం నాకు లేదు."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుకారాం కళ్లూ తడిశాయి, అయినా ఫోకస్ తప్పలేదు. తప్పనందుకు లోపల మురిశాడు కూడా. ఆ మురిపెం తలుచుకుని తర్వాత చాలా సిగ్గుపడ్డాడు.

మధ్యాహ్నం సార్ ఆ ఇంట్లోనే మక్క గటక తిన్నాడు. "అమ్మా, ఇంకొంచెం" అని అడిగి వేయించుకున్నాడు. జీపు దగ్గరికి వచ్చాక టేపును సంచిలో పెట్టి జిప్పు లాగాడు.

"సార్, కాపీ..."

"ఏం కాపీ?"

"చిన్నమ్మకు మాటిచ్చినం గద సార్."

"ఆవిడ మాట్లాడాలి, మాట్లాడింది. సినిమా రాకముందే టేపు ఊరి మీదికి వదులుతామా? ఢిల్లీలో వేస్తే దేశమంతా ఏడుస్తుంది దీన్ని చూసి. ఇంకా పెళ్లి వీడియోలే తీసుకుంటానంటే చెప్పు, ఇక్కడే దిగిపో. పేరు సంగతి కూడా ఆలోచించుకో."

ఇంత అన్యాయమా! ఆ ఇంటి కూడు తిన్న చెయ్యి ఇంకా ఆరలేదు. తుకారాంకు ఒళ్లు మండిపోయింది. సంచి లాక్కోవాలనిపించింది, లాక్కోలేదు. తిట్టాలనిపించింది, తిట్టలేదు. రెండేళ్లు మోసిన బరువంతా వృథా పోతుందని వెనక్కి తగ్గాడు. నమ్మించి మోసం చేశాడు సార్. సార్ కోసం తను చిన్నమ్మను నమ్మించాడు. ఈ రెంటిలో ఏది పెద్దదో తేల్చుకునే తీరిక లేదు, బస్సుకు అరగంటే ఉంది.

పాత షాపుకు పోయి ఒక కొత్త ఖాళీ క్యాసెట్ అడిగి తీసుకున్నాడు. పసుపు బస్తాల బండ్ల వెనక నిలబడి, దాని పైనున్న ప్లాస్టిక్ కాగితం గోటితో చింపి పారేశాడు.

బస్టాండులో కనకవ్వ ఆ పచ్చంచు చీరలోనే ఉంది. హన్మండ్లు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు.

"జల్ది తేవోయ్, ఇడుస్తుండ్రు!"

క్యాసెట్ చూడగానే కనకవ్వ మొహం విప్పారింది. "డబ్బ ఎందుకు, ఉట్టిగ బరువు" అని క్యాసెట్‌ను బయటికి తీసి, కొత్త తువ్వాలలో చుట్టి, హన్మండ్లు సంచిలో అడుగున పెట్టింది.

"జర పైలం అన్నా. ఎవ్వరు లేనప్పుడు పెట్టుకొని సూడుమను."

"గంతే గద, చెప్త."

తుకారాం నోరు తెరిచాడు. అంతలో కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు నిజామాబాద్ రోడ్డెక్కింది. అది మలుపు తిరిగేదాకా కనకవ్వ చూస్తూనే ఉంది.

"ఇగ నా పానం నిమ్మలమైంది బిడ్డా. పది దినాలల్ల జవాబిస్తడు సూడు."

రోడ్డవతల జీపు హారన్ మోగింది.

"పో, మీ సారు పిలుస్తుండు. మంచి మనిషి" అంది.

అతను తల వంచుకుని జీపు వైపు నడిచాడు. కనకవ్వ ఇంటిదారి పట్టింది. బస్టాండు బల్ల మీద క్యాసెట్ డబ్బా మూత తెరుచుకుని పడి ఉంది. అందులోని అట్ట మీద, ఏం రికార్డు చేశారో రాసుకునే మూడు గీతలు ఖాళీగా ఉన్నాయి.