గాలికి ఎదురుపడిన గోడ

ఫోను గేటు దగ్గరే లాక్కున్నారు. అది చేతిలో ఉంటే ఆమని ఈపాటికి ఆ గోడను అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి ఉండేది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో, ఓ రేకుల ఫ్యాక్టరీ వెనక, ఎర్రటి ఎండలో నిలబడి కూలిన ఇటుకలను చూస్తోంది.

ఆమె ఒక ఇంజినీరింగ్ విద్యాసంస్థలో వాతావరణ శాస్త్రవేత్త. బీమా కంపెనీ అడిగిన ప్రశ్న ఒక్కటే: మొన్న ఈ గోడను కూల్చింది గాలివానేనా? అవునంటే ఫ్యాక్టరీకి బీమా సొమ్ము వస్తుంది, పోలీసు కేసు మూతపడుతుంది. గోడ కింద నలిగిపోయిన కాంట్రాక్టు కూలీ హరిబాబు చావుకు బాధ్యులంటూ ఎవరూ మిగలరు.

"ఏటి మేడమ్, అంతలా సూస్తన్నారు?" మేనేజర్ ప్రశాంత్ గొడుగుతో వచ్చాడు. ఈ ఊరి ఖరిదా పేటలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు, రైల్వే వర్క్‌షాపు కుటుంబం. "కాల్‌బైశాఖి గాలివాన ఎంత జోరుగా ఏసిందో ఊరంతా సూసింది. మా ఇంటి రేకులే ఎగిరిపోనాయి."

"గాలి వచ్చిన మాట నిజమేనండి. వాయవ్యం నుంచి, అంటే అదిగో, అటు నుంచి వచ్చింది. ఇది వాయవ్యపు గోడ. గాలి తోస్తే షెడ్డు లోపలికి కూలాలి. మరి గాలికి ఎదురుగా, బయటికెలా పడింది?"

ప్రశాంత్ నవ్వు చెదరలేదు. గొడుగు మాత్రం చెయ్యి మారింది. అతని వెనక, షెడ్డు లోపల బాయిలర్ బూడిద కొండలా పోసి ఉంది. మిగిలిన గోడ ముక్క లోపలి వైపున, ఆ బూడిద ఆనుకుని తోసిన మరక మనిషెత్తు దాటి కనిపిస్తోంది.

ఆమని పైఅధికారి ప్రొఫెసర్ హరనాథ్ కారు దిగి, సంతకం కోసం రిపోర్టు, పెన్నూ అందించాడు.

"మనల్ని అడిగింది గాలి వేగం ఆమనీ. దిక్కు ఎవరడిగారు?"

"అడగకపోతే దాచమంటారా సార్?"

"నీ ఉద్యోగం కూడా కాంట్రాక్టుదే. జూన్‌లో రెన్యువల్ ఉంది. నేను గుర్తు చేయాలా?"

ఆమె పెన్ను మూత తీసింది. అంతలో గేటు వైపు నుంచి ఇంజిన్ మోత. పసుపుపచ్చ జేసీబీ ఒకటి లోపలికి వస్తోంది.

"సెత్త తీయించేద్దారని," అన్నాడు ప్రశాంత్.

"బీమా సర్వేయర్ రేపు కదా వచ్చేది?"

"మీ సంతకం పడిపోతే ఆయనకేటి పని మేడమ్?"

జేసీబీ కోసం తీసిన గేటులోంచి ఒక ముసలామె కూడా నడిచి వచ్చింది. సెక్యూరిటీవాడు తన భాషలో "మాసీ, మాసీ" అని పిన్నిని పిలిచినట్టు పిలుస్తూ వెంటపడుతున్నాడు. హరిబాబు తల్లి చిలకమ్మ. కొడుకు పోయిన నాటి నుంచి గేటు బయటే కూర్చుంటోంది.

"పిన్నీ, నువ్వు బయటుండు. తరవాత మాటాడదాం," అన్నాడు ప్రశాంత్.

"మీయమ్మ పురుటికి నీల్లు కాసినాన్రా ప్రశాంతూ. పిన్నినే నీకు. పిన్నికి గేటు తీయనేదు గానీ మిసనుకు తీసినావు." ఆమె ఆమని వైపు తిరిగింది. "మావోడు రోజూ ఈ గోడవారనే కూకొని తినీవోడమ్మా. కాంట్రాక్టోల్లని లోపల తిన్నివ్వరు. గాలొస్తే సెడ్డులోకి పోరా అంటే, మా కార్డుకి తలుపు తెరుసుకోదే అనీవోడు."

జేసీబీ తొట్టి కిందికి దిగుతోంది.

ఆమని పెన్ను మూత పెట్టి హరనాథ్ చేతికిచ్చేసింది. ఇటుకల కుప్ప ఎక్కి, మధ్యలో కూర్చుంది.

"సర్వేయర్ వచ్చి చూసేదాకా ఒక్క ఇటుక కదలడానికి వీల్లేదు. దిక్కు లేని రిపోర్టు మీద నేను సంతకం పెట్టను."

"పిచ్చిపని చేయకు. దిగు," అన్నాడు హరనాథ్.

చిలకమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని, ఒక్కొక్క ఇటుకే తడుముకుంటూ పైకెక్కి ఆమె పక్కన చతికిలబడింది.

"కొంచెం జరగమ్మా," అంది.

డ్రైవర్ ప్రశాంత్ ముఖంలోకి చూశాడు. ఇంజిన్ ఆపలేదు. తొట్టి మాత్రం వాళ్ల తలల పైన ఆగి, గాల్లో ఊగుతోంది.