బ్యాటరీ బ్రష్షు

మా నిహారిక బ్యాటరీ బ్రష్షు తెచ్చి సింకు పక్కన పెట్టి వారమైంది. నేను దాని మొహం చూడలేదు. మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగం వచ్చాక మా అమ్మాయికి వెంగళరావు నగర్ ఇంట్లో ఏదీ ఒక పట్టాన నచ్చటం లేదు. మొన్న మిక్సీ, నిన్న పరుపు, ఇప్పుడు నా పళ్లు.

గొడవ నిహారిక నన్ను తీసుకెళ్లిన ఫిల్మ్‌నగర్ పళ్ల డాక్టరమ్మ దగ్గర మొదలైంది. స్ఫూర్తి అని, షేక్‌పేట పిల్ల. "అంకుల్, చిగుళ్లు మస్తు ఖరాబైనయి. ఎనక పళ్లకు బ్రష్ అందుతనే లేదు. బ్యాటరీది తీసుకోండ్రి, చేతికి పని తక్కువ," అంది. అని నా కుడిచేతి వైపు చూసింది. నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

నేను సినిమా మేకప్‌మేన్‌ని. పరిశ్రమలో అచ్యుతం అంటారు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ చేత్తోనే మీసాలు అంటిస్తున్నాను. అది వణుకుతోందని నలుగురికీ తెలిస్తే మర్నాటి నుంచి మా ఇంట్లో ఫోను మోగదు.

బ్యాటరీది పట్టుకుంటే వణుకు ఒప్పుకున్నట్టే. అందుకని మామూలు బ్రష్షే నయమని మొండికేశాను. పైగా మా వృత్తిలో బ్రష్షుకి రెండు జన్మలు. మూడు నెలలు పళ్లు తోమాక కడిగి, ఎండబెట్టి మేకప్ పెట్టెలో వేసుకుంటాం. అంటించిన మీసం దువ్వటానికి దాన్ని మించింది లేదు. హీరో మొహం మీద నెత్తుటి చుక్కలు చిమ్మాలన్నా దాన్నే రంగులో ముంచి బొటనవేలితో మీటాలి. బ్యాటరీది అరిగితే దేనికి పనికొస్తుంది? ఈ మాటే మా ఆవిడ సత్యలక్ష్మితో అన్నాను.

"పళ్లు తోముకోమని తెచ్చింది గానీ మీసాలు దువ్వమని కాదండీ," అంటూ అద్దం తుడిచింది. ఈ మధ్య అద్దం మీద పడ్డ పేస్టు మరకలు రోజూ తనే తుడుస్తోంది. ఎందుకు పడుతున్నాయని ఒక్కరోజూ అడగలేదు.

నిన్న జూబ్లీహిల్స్ బంగళాలో షూటింగ్. సూర్యప్రకాశరావుగారిది జమీందారు వేషం. ఇరవై ఏళ్లుగా నేను తప్ప ఆయన మొహం ఎవరూ ముట్టుకోకూడదు. జిగురు రాసి, మీసం పట్టుకుని వంగాను. ఎప్పట్లాగే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ఏడాదిగా అలా పట్టుకుంటున్నారు. అభిమానం కాబోలనుకునేవాణ్ని. ఇంతలో ఆయన సెల్‌ఫోన్ మోగింది. చెయ్యి వదిలారు. మీసం ఊగి, ఎడమ కొస పోయి పెదవి మీద అతుక్కుంది.

ఆయన ఫోన్ కట్ చేసి అద్దంలో చూసుకున్నారు. "తీసి మళ్లీ పెట్టు అచ్యుతం," అని నా మణికట్టు మళ్లీ పట్టుకున్నారు, ఈసారి ఇంకాస్త గట్టిగా. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. ఏడాదిగా నా పని ఆయన చేస్తుంటే, నేను చేస్తున్నాననుకుంటున్నాను.

ఇవాళ పొద్దున్నే బాత్రూం తలుపు వేసుకుని బ్యాటరీ బ్రష్షు తీశాను. మీట నొక్కగానే తుమ్మెదలా రొద పెట్టింది. నోట్లో పెట్టుకుని అద్దంలోకి చూశాను. వణికేది బ్రష్షో, చెయ్యో చూసేవాళ్లకి తెలీదు. వెనక పళ్లకి కూడా అందింది. ప్రాణానికి హాయిగానే ఉంది, ఒప్పుకుంటాను. రెండు నిమిషాలు కాగానే బ్రష్షు దానంతటదే ఆగిపోయింది. నా చెయ్యి ఆగలేదు.

ఇంక దాచే ఓపిక కూడా లేదనిపించింది. బయటికొచ్చి సూర్యప్రకాశరావుగారికి ఫోన్ చేశాను.

"రేపట్నుంచి మీసం ఇంకెవరిచేతైనా పెట్టించుకోండి సార్."

"నేను పట్టుకుంటున్నాగా అచ్యుతం," అన్నారాయన.

"అందుకేనండీ," అన్నాను.

ఫోన్ పెట్టేసి పాత బ్రష్షు కడిగాను. అలవాటుకొద్దీ బాల్కనీలో ఎండకి పెట్టాను. కాఫీ తాగుతుంటే గుర్తొచ్చి, లేచి వెళ్లి, తీసి చెత్తబుట్టలో వేశాను.