పట్టా ముక్క పగ

నేను ఒక రైలు పట్టా ముక్కను. మూరెడు పొడవు, దానికి మించిన బరువు, ఒక చివర బెజ్జం. ఇనుముకు మనసుండదని మీరనుకుంటారు. మనసు సంగతి నాకు తెలియదు గానీ పగ మాత్రం ఉంది. అది ఎవరి మీదో, ఎలా తీరిందో చెబుతాను, వినండి.

మొదట్లో నా మీద రైళ్లు పోయేవి. సింగరాయకొండ దగ్గర కొత్త పట్టాలు వేసినప్పుడు నన్ను కోసి పక్కన పడేశారు. తన పిల్లలు చదివే బడికి గంట లేదని ఒక గ్యాంగ్‌మన్ పైవాళ్లనడిగి నన్ను తీసుకున్నాడు. భుజాన మోసుకొచ్చి, హైవే పక్క కాలనీ బడి వరండాలో దూలానికి గొలుసుతో వేలాడదీశాడు. ఆ రోజుల్లో గదులు చాలక పిల్లలు వరండాలో కూడా కూర్చునేవారు. నా కింద అడుగు పెట్టే చోటుండేది కాదు.

తర్వాత చక్రధరరావు మాస్టారు వచ్చాడు. అబద్ధమెందుకు, పాఠం బాగా చెప్పేవాడు. ఆయన నేర్పిన ఎక్కాలు చచ్చేదాకా మరచిపోరు. అయితే పొద్దున్నే తన ఇద్దరు కొడుకులకూ టైలు కట్టించి, మోటారు సైకిల్ మీద ఊళ్లోని ప్రైవేటు బడి దగ్గర దింపి, ఆ తర్వాతే నా దగ్గరికొచ్చి సుత్తి అందుకునేవాడు. కాలనీ వాళ్లకు కళ్లు లేవా? తాను వండింది తాను ముట్టని వంటవాడి విస్తరి ముందు ఎవరు కూర్చుంటారు? ఒక్కొక్కరే పిల్లల్ని ఇక్కడి నుంచి మాన్పించుకుపోయారు.

వాళ్లలో కరుణమ్మ ఒకతె. రొయ్యల షెడ్డులో తలలు వలిచే పని ఆమెది. ఐసులో నాని నాని వేళ్లు పగిలిపోయి ఉండేవి. సారు పిల్లలు చదివే బడి చెడ్డదెందుకవుతుందని ఆమె లెక్క. కూతురు జెస్సీని అక్కడే చేర్చడానికి టీసీ తీసుకుపోదామని ఒకరోజు వచ్చింది.

సరిగ్గా అప్పుడే మాస్టారు తోటి టీచరమ్మకు ఒక అర్జీ చదివి వినిపిస్తున్నాడు. పిల్లల ట్యూషన్ ఫీజు మీద ఆదాయపు పన్నులో కొంత రాయితీ ఉందట. అది చాలదట. బస్సు ఫీజు, యూనిఫాం, బిల్డింగ్ ఫండు, అన్నిటి మీదా ఇవ్వాలట. మేం ప్రైవేటులో చదివిస్తే సర్కారుకు ఆ మేరకు ఖర్చు మిగులుతుంది గదా, మా డబ్బు మాకు వదిలెయ్యడానికేం అని ఆయన వాదన. ఆ వాదనలో పస లేదని నేననను.

కరుణమ్మ కాసేపు విని, తన పిల్ల ఫీజులో కూడా ఏమైనా తగ్గుతుందా అని అడిగింది.

"నీకు పన్నే లేదు గదమ్మా. ఇంక తగ్గించేదేముంది?"

"సబ్బు బిళ్ల కొన్నా కడతానే ఉన్నాం గదా సారూ."

"అది ఇందులోకి రాదులే" అని ఆయన నవ్వాడు. టీచరమ్మ కూడా నవ్వింది. కరుణమ్మ టీసీని కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

సుత్తి దెబ్బకు మోగడం నా అలవాటు. ఆ నవ్వు దెబ్బకు మోగలేక ఊరుకున్నాను. ఆమె సబ్బు బిళ్ల పన్నూ, ఆయన జీతం పన్నూ పడేది ఒకే కుండలో. వాన కురిస్తే కారే నా వరండాకు రేకు రావలసిందీ ఆ కుండలోంచే. ఇక్కడ చదువు చెప్పినందుకు అందులోంచి జీతం తీసుకుంటూ, ఇక్కడ చదివించనందుకు అందులోంచే రాయితీ అడిగే మనిషిని ఏమనాలి? ఆ రోజే ఆయన మీద పగబట్టాను.

నేను చేతులు లేనివాణ్ణి, వేచి ఉండటం తప్ప ఏం చేస్తాను? ఎక్కువ కాలం ఆగనక్కర్లేకపోయింది. పదిమంది కంటే తక్కువుంటే బడి మూసేసి పిల్లల్ని హైవే అవతలి బడిలో కలిపేస్తామనీ, మాస్టారిని దూరానికి మారుస్తామనీ కబురొచ్చింది. మిగిలింది ఎనిమిదిమంది. మాస్టారు ఎండలో ఇల్లిల్లూ తిరిగాడు. చివరికి మంచినీళ్లకని బడి కుళాయి దగ్గరికొచ్చిన కరుణమ్మను ఆపి, జెస్సీని, ఆమె చెల్లెలి పిల్లవాణ్ణి తిరిగి చేర్చమని బతిమాలాడు. ఎంతమంది తక్కువయ్యారని ఆమె అడిగింది. ఇద్దరేనన్నాడు.

"ఇద్దరే గదా సారూ. మీ ఇంట్లోనే ఉండారుగా" అంది కరుణమ్మ బిందె చంకకెత్తుకుంటూ. "మీ పిల్లలు ఈ బల్ల మీద కూర్చున్న పూట, నా బిడ్డని పక్కనే కూర్చోబెడతా."

తనిఖీ రోజు కాలనీ అంతా గేటు దగ్గర నిలబడి మోటారు సైకిల్ కోసం చూసింది. నేనూ చూశాను. వెనక సీటు ఖాళీగా వచ్చింది. అధికారి తలలు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు. వారం తిరగకుండా బడికి తాళం పడింది, మాస్టారికి కనిగిరి అవతల పోస్టింగు పడింది. నా కడుపు చల్లబడింది. దాచడమెందుకు, పండగ చేసుకున్నాను.

విరిగిన బల్లలతో కలిపి నన్ను పాత ఇనుప సామాన్ల మస్తాన్ భాయ్‌కి అమ్మేశారు. ఆయన కొట్టు హైవే పక్కనే, బస్టాపుకు ఎదురుగా ఉంటుంది. రోజూ పొద్దున్నే మాస్టారు క్యారేజీ పట్టుకుని అక్కడే నిలబడేవాడు. తుక్కు గుట్ట మీద పడి ఉన్నా నాకు అంతకంటే మంచి చోటు దొరకదనిపించింది. పన్నులో మిగిలిందంతా బస్సు టికెట్లకు పోతోందని ఎవరితోనో అంటుంటే మళ్లీ మళ్లీ వినబుద్ధయ్యేది.

అయితే నా పగ ఒక్కడితో ఆగలేదు. ఫీజు పెంచితే కట్టలేక కరుణమ్మ జెస్సీని వెనక్కి తెచ్చుకుంది. తెచ్చేసరికి ఇక్కడి బడికి తాళం. ఆ పిల్ల కూడా ఆ ఎనిమిదిమందితో కలిసి లారీల మధ్య హైవే దాటడం మొదలుపెట్టింది.

ఒకరోజు బేరానికొచ్చిన మనిషికి నా గట్టిదనం చూపిద్దామని మస్తాన్ భాయ్ నా మీద సుత్తితో గట్టిగా కొట్టాడు. చాలా కాలానికి నోరు తెరిచానేమో, గొంతంతా పెట్టి మోగాను. రోడ్డు వారన నడుస్తున్న పిల్లలకు గంట వినపడగానే పరుగెత్తడం అలవాటు. తొమ్మిదిమందీ వెనకా ముందూ చూడకుండా హైవే మీదికి పరుగెత్తారు. ఇటు నుంచి కంకర లారీ వస్తోంది. పగబట్టింది నేను, పరుగెత్తింది పిల్లలు. మోగినందుకు నా జన్మలో మొదటిసారి భయపడ్డాను.

మాస్టారు క్యారేజీ పారేసి అడ్డం దూకాడు. చేతులు చాచి తొమ్మిదిమందినీ వెనక్కి నెట్టాడు. లారీ వెళ్లిపోయింది. వెనకే వచ్చిన ఆయన బస్సు కూడా ఆగకుండా వెళ్లిపోయింది. ఆయన దాని వైపు చూడలేదు. జెస్సీని ఒక చేత్తో, అందరికంటే చిన్నవాణ్ణి ఇంకో చేత్తో పట్టుకుని, మిగతావాళ్లను ముందు పెట్టుకుని రోడ్డు దాటించసాగాడు.

సగం దాటారో లేదో, ప్రైవేటు బడి పసుపుపచ్చ బస్సు వచ్చి వాళ్లకు దారిస్తూ ఆగింది. పొద్దున్నే బస్సెక్కే తండ్రి దింపలేడు గనక ఆయన కొడుకులిద్దరూ ఇప్పుడు అందులోనే పోతున్నారు. నాన్నను చూసి కిటికీలోంచి చేతులూపారు.

తిరిగి ఊపడానికి ఆయనకు చెయ్యి ఖాళీ లేదు.