మూడో అంతస్తు కిటికీ

పెదవాల్తేరులో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ అపార్ట్‌మెంటు గోడమీద పాత రంగు పొక్కులు పొక్కులుగా లేచిపోయింది. అదంతా గీకి, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టాక గానీ కొత్త రంగు నిలవదు. అప్పలసూరి, అతని బావమరిది గోపి పద్మనాభం నుంచి బస్సులో వచ్చి ఆ పని చేస్తున్నారు. మేడ మీంచి రెండు తాళ్లకి వేలాడదీసిన చెక్క మీద కూర్చుని సూరి గోడ గీకుతున్నాడు. పైన గోపి తాళ్లు కనిపెట్టుకుని ఉన్నాడు.

అన్నానికి రమ్మని గోపి కేకెయ్యబోతుండగా టప్‌మని చప్పుడైంది. ఒక తాడు కట్టిన ఇనుప కొక్కెం విరిగిపోయింది. ఉప్పుగాలి దాన్ని లోపల్లోపలే తినేసింది. చెక్క నిట్టనిలువుగా వేలాడింది. సూరి జారిపోతూ రెండో తాడుని పట్టుకున్నాడు.

గోపి రెండో కొక్కెం వైపు చూశాడు. దాని చుట్టూ సిమెంటు పెచ్చులూడుతోంది. ఒక్క ఉరుకున వెళ్లి తాడుని నడుముకి చుట్టుకుని, పిట్టగోడకి కాళ్లు తన్నిపెట్టాడు. ఆ వెంటనే కొక్కెం ఊడొచ్చింది. బరువంతా అతని మీద పడింది.

"గోపీ! ఒగ్గీకురా!" తాడు వదలొద్దని కిందనుంచి సూరి అరిచాడు.

"నానొగ్గను! నువ్వొగ్గీకు!"

ఫోను జేబులోనే ఉంది. తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు. గోపి గొంతు చించుకుని మనుషుల్ని పిలిచాడు. సముద్రపు గాలి ఆ కేకని మేడ దాటనివ్వలేదు. తాడు జారినప్పుడల్లా అరచేతి తోలు దానితోపాటే పోతోంది. పైడితల్లికి మొక్కుకుందామనుకున్నాడు గానీ, అక్క చిలకమ్మ మొహం తప్ప ఏదీ తలపుకి రాలేదు.

కింద సూరి కాళ్లకి మూడో అంతస్తు కిటికీ అందింది. దాని గ్రిల్లుని తన్నాడు. మళ్లీ తన్నాడు. లోపల కుసుమకుమారి ఒక్కతే ఉంది. టీవీ చూస్తున్న ఆ పెద్దావిడ ఉలిక్కిపడి అద్దం పక్కకి లాగింది.

"సచ్చిపోతన్నానమ్మా! పట్టుకో అమ్మా!"

తాడు ఇంకాస్త జారి అతను కిటికీకి ఎదురుగా వచ్చేసరికి, ఆవిడ గ్రిల్లు సందులోంచి చెయ్యి పెట్టి అతని చొక్కా పట్టుకుంది. రెండో చేత్తో కుర్చీ మీదున్న చీర లాగి, అతని చంకల కిందనుంచి తిప్పి ఊచలకి ముడేసింది. గ్రిల్లు మేకులు కదులుతున్నాయి. అది చూసి మిగిలిన చీరని తన నడుముకి కట్టుకుని, గోడకి మోకాళ్లు ఆనించి కూర్చుంది.

"తిరుమలరావూ! మేడ మీదకి పరిగెత్తు! ఎవరైనా రండర్రా!"

వాచ్‌మన్ తిరుమలరావుకి ఆ కేక వినపడింది. దారిలో ఇద్దరు మగాళ్లని లాక్కుని మేడెక్కాడు. ముగ్గురూ తాడందుకున్నాక కూడా గోపి ఒదల్లేదు.

"నాను పట్టుకున్నాను గదా, ఇంక ఒగ్గీ బాబూ," అన్నాడు తిరుమలరావు.

పైనుంచి కేకెయ్యగానే కుసుమకుమారి ముడి విప్పింది. సూరిని పైకి లాగారు. అతను మేడ మీద బోర్లా పడి, సిమెంటు నేలని రెండు చేతులా పట్టుకుని, ఎవరు పిలిచినా లేవలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి గోపి రెండు చేతులకీ ఆస్పత్రి కట్లు ఉన్నాయి. చిలకమ్మ అన్నం పెట్టి, "ఏటయిందర్రా?" అనడిగింది. సూరి చారన్నం కలిపి, ముద్ద చేసి, బావమరిది నోటికి అందించాడు.

"రేపు పనికెల్తారా?" అంది చిలకమ్మ.

సూరి ఇంకో ముద్ద కలుపుతూ ఏడ్చేశాడు.